చెవిన పడిన భాషల రిజిస్టరు

గవ్వలపేట పురపాలక సంఘంలో నాది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో నాకు దక్కిన ప్రశంసాపత్రం ఒక్కటే. అది కూడా నాకు ఏమీ రాదని ఇచ్చింది. మా ఆవిడ దానికి అద్దం కట్టించి గోడకు తగిలించబోతే నేనే వద్దని బీరువాలో పెట్టించాను.

పోయినేడు వేసవిలో పై నుంచి ఒక సర్క్యులర్ దిగింది. 'విశ్వశ్రవణ నగరం' అని పథకం పేరు. ప్రపంచంలో పేరున్న పట్నాలన్నిటిలోనూ వీధిలో నాలుగడుగులు వేస్తే నాలుగు దేశాల మాటలు చెవిన పడతాయట. మన ఊళ్ళలో ఎంత దూరం నడిచినా మన మాటలే వినబడుతున్నాయట. అభివృద్ధికి అది పెద్ద ఆటంకమట. అంచేత ఏ పట్టణంలోనైతే కనీసం ఏడు విదేశీ భాషలు 'బహిరంగ ప్రదేశములందు సహజముగా, ప్రయత్నరహితముగా' చెవిన పడతాయో ఆ పట్టణానికి హోదా ఇస్తారు. హోదాతో పాటు కొత్త ఆఫీసు భవనం, కమిషనరుకు కొత్త కారు, ఊరి మొగలో ఇరవై అడుగుల సిమెంటు చెవి.

మా కమిషనర్ పరాంకుశం గారు సర్క్యులర్ చదువుతూ చదువుతూ సిమెంటు చెవి దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన రిటైర్మెంటు ఇంక పద్నాలుగు నెలలు. చెవి కింద శిలాఫలకం మీద ఎవరి పేరుంటుందో ఆయనకు అప్పుడే కనబడిపోయింది.

నిబంధనలు పాతిక. విన్నవాడు మాట్లాడినవాడికి ఆరడుగులకు తక్కువ కాకుండా, పన్నెండడుగులకు మించకుండా నిలబడాలి. ఆరడుగుల లోపలైతే అది పొంచి వినడం, పన్నెండు దాటితే వదంతి. మాట్లాడమని ఎవరినీ అడగకూడదు, అడిగితే ప్రయత్నరహితం కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది పదకొండో నిబంధన: విన్నవారికి అర్థమైన భాష విదేశీ భాషగా పరిగణింపబడదు. ప్రతి నమోదుకూ ఇద్దరు కావాలి. వాళ్ళలో ఒకరు శ్రవణాధికారి, ఒకరు ప్రజాసాక్షి. ఇద్దరూ 'అర్థం కాలేదు' అని సంతకం చేయాలి.

శ్రవణాధికారి ఎవరన్న ప్రశ్న వచ్చింది. హెడ్ క్లర్కు గారికి హిందీ వచ్చు, ఆయన లెక్కలోంచి పోయారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు మస్కట్‌లో రెండేళ్ళు తాపీపని చేసొచ్చిన మనిషి, ఆయనా పోయారు. మా స్టాఫంతా ఏదో ఒకటి నేర్చుకుని చెడిపోయినవాళ్ళే. చివరికి కమిషనర్ గారి చూపు నా మీద పడింది.

"జోగారావు గారూ, ఇంగ్లీషు పరిజ్ఞానం ఏపాటిది?"

"సెలవు చీటీ వరకు సార్."

"హిందీ?"

"రెండుసార్లు తప్పాను సార్."

"ఒరియా? సరిహద్దు జిల్లా కదా."

"మా ఆవిడ మేనత్త మాట్లాడుతుంది సార్. నాకు వినబడుతుంది, అంతే."

"శభాష్!" అన్నారాయన. 'పరభాషలయందు అచంచలమైన అనభిజ్ఞత కనబరచినందులకు' నాకు ప్రశంసాపత్రం ఆ సాయంత్రమే టైపయింది. దానితో పాటు ఒక టేపు, ఒక రిజిస్టరు ఇచ్చారు. రిజిస్టరు మీద ఎర్ర సిరాతో 'చెవిన పడిన భాషలు' అని రాసి ఉంది.

మాది రేవు ఊరు కాబట్టి భాషల కోసం వెతుక్కోనక్కర్లేదు. పోర్టు మెయిన్ గేటు పక్కన నూకరత్నం అట్ల బండి ఉంది. ఓడ దిగిన కళాసీలు గేటు దాటగానే మొదట ఆగేది అక్కడే. పోర్టు గోడకు లోపల సెల్‌ఫోను సిగ్నలు అందదు, బండి దగ్గర బాగా అందుతుంది. బల్ల మీద కూర్చుని వాళ్ళు ఇంటికి ఫోను చేసుకుంటారు. నెలల తరబడి నీళ్ళు తప్ప ఏమీ చూడని మనుషులు. ఫోనులో ముఖం కనబడగానే కొందరు నవ్వుతారు, కొందరు కళ్ళు తుడుచుకుంటారు.

నూకరత్నం అక్కడ పద్నాలుగేళ్ళుగా అట్లు పోస్తోంది. వాళ్ళాయన కూడా ఓడల మీద పనిచేసి పోయినవాడే. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. కళాసీ ఫోనులో ఉండగా ప్లేటు చేతికివ్వదు. పెనం అంచుకు జరిపి మూత పెట్టి ఉంచుతుంది. వెనకున్నవాడు నాకియ్యి, నాకియ్యి అని తొందరపడితే, "ఉండ్రా నాయనా, అట్టేటి లేసి ఎల్లిపోద్దా? ఆడ్ని మాటాడుకోనియ్యి" అంటుంది.

నేను టేపు పెట్టి కొలుచుకుని, బండికి ఎనిమిదడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నాను. పది రోజుల్లో తొమ్మిది భాషలు చెవిన పడ్డాయి. భాష పేరు అన్న గడి ఎలా నింపాలో తెలియక కమిషనర్ గారిని అడిగాను.

"ఓడ వెనక జెండా ఉంటుంది కదయ్యా! జెండా ఏ దేశానిదో భాషా ఆ దేశానిదే. ఇంతకన్నా అధికారిక ఆధారం ఏం కావాలి?"

ఆ ప్రకారమే నింపాను. పనామా భాష, లైబీరియా భాష, మాల్టా భాష, మార్షల్ దీవుల భాష. పనామా వాళ్ళూ లైబీరియా వాళ్ళూ అచ్చం ఒకేలా మాట్లాడుతున్నారని నాకు అనుమానం వచ్చింది. పొరుగు దేశాలై ఉంటాయన్నారు కమిషనర్ గారు. ఊరి మొగలో చెవికి పునాది తవ్వడం కూడా మొదలైంది.

ఇక ప్రజాసాక్షి సంతకాలు మిగిలాయి. పొద్దస్తమానం అక్కడుండే మనిషి నూకరత్నమే. నాకంటే పదేళ్ళు పెద్దది, మా వైపు అక్కను అప్ప అంటాం.

"అప్పా, ఇక్కడో సంతకం పెట్టు."

"ఏటి రాసున్నాది బాబూ?"

"ఇందాక ఆ కుర్రాడు మాట్లాడింది నీకు అర్థం కాలేదని."

"అర్థమైపోనాది కదా."

నా పెన్ను ఆగింది. "పనామా భాష నీకెలా అర్థమైంది?"

"ఆడు పనామావోడు కాడు, పిలిప్పీనోడు. ఆళ్ళమ్మతోటి మాటాడినాడు. తిన్నావేటి అనడిగింది. తిన్నానన్నాడు. సిక్కిపోనావు అంది. లేదమ్మా, ఫోన్లో అలగే అవుపిస్తానన్నాడు."

"నీకు వాళ్ళ భాష వచ్చా?"

"ఒక్క ముక్క రాదు."

"మరి?"

"అమ్మలు ఇంకేటడుగుతారు బాబూ?"

నేను పేజీ తిప్పి ఇంకో నమోదు చూపించాను. మాల్టా భాష, జొన్నపొత్తు పీచులాంటి జుట్టున్న పొడుగాటి మనిషి.

"ఆడా? ఆడు పెళ్ళాంతోటి. ఆయమ్మకి కోపంగున్నాది. కూతురు పుట్టినరోజు మర్సిపోనాడు సచ్చినోడు."

నేను నమ్మలేదు. మర్నాడు పొద్దున్న ఆ పొడుగాటి మనిషి గవ్వల బొమ్మ ఒకటి కొనుక్కొచ్చి, ఫోను ముందు పట్టుకుని, అరగంట సేపు పాట పాడాడు. నూకరత్నం నా వైపు చూసి కళ్ళెగరేసింది.

"మా మావ ఓడెక్కినప్పుడు ఈ ఫోన్లేటీ లేవు. తిన్నావేటి అని ఉత్తరం రాస్తే, తిన్నానని రావడానికి మూడు నెల్లు పట్టీది. నాకు తెల్దేటి ఆ మాట?" అంది.

నేను ఆఫీసు మనిషిని. ఉన్నది ఉన్నట్టు రాయడం అలవాటు. రిమార్కుల గడిలో 'ప్రజాసాక్షికి అర్థమైనది' అని తొమ్మిదింటికి ఏడుసార్లు రాశాను. అప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే ఈ కథే లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కమిషనర్ గారు రిజిస్టరు చూసి కుర్చీలో కూలబడ్డారు. పదకొండో నిబంధన ప్రకారం ఏడు భాషలు ఆ క్షణమే స్వదేశీ అయిపోయాయి. మిగిలినవి రెండు. ఒకటి ఆమె బండి పెట్టని మంగళవారం నాడు విన్నది. రెండోది పెనం చప్పుడులో ఆమెకు వినబడనిది.

"అంటే," అన్నారాయన మెల్లగా, "విదేశీ భాషల లోటు ఈ పట్టణమునకు సహజముగా ఏర్పడినది కాదు. ఒక వ్యక్తి వలన ఏర్పడుతున్నది."

"ఆమె ఏమీ చేయలేదు సార్. అట్లు పోస్తోంది."

"అట్లు పోయుట కాదయ్యా, అర్థం చేసుకొనుట! అనుమతి లేకుండా అర్థం చేసుకొనుట! ఎవరిచ్చారామెకు అధికారం?"

మర్నాటికి 'శ్రవణ ప్రతిబంధక తొలగింపు నోటీసు' తయారైంది. బండికి అంటించే పని కూడా నాదే. నాకు చదివి వినిపించడానికి నోరు రాలేదు. కాగితం అంటించి, రెండు ముక్కల్లో చెప్పాను: అప్పా, బండి తీసేయమంటున్నారు, కిలోమీటరు దూరంలో ఎండుచేపల యార్డు వెనక చోటిస్తారట.

"పద్నాలుగేళ్ళ నుండి ఈడే ఉన్నాను బాబూ. నానేటి తప్పు సేసినాను?"

"తప్పు కాదు. నీకు అర్థమవుతోందని..."

"అర్థమైతే తప్పేటి?"

ఆమె బండికి కట్టిన కర్రలు ఊడదీస్తుంటే నేను సాయం పట్టాను. ఆ పూట ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. పోర్టు హమాలీలు అంత దూరం టిఫినుకు రాలేరు, సగం బేరం పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

బండి లేచిన చోట 'విదేశీ భాషా శ్రవణ మండలం' వెలిసింది. చుట్టూ కంచె, లోపల గ్రానైటు బల్లలు, చిన్న ఫౌంటెను, 'ఇచ్చట తెలుగు మాట్లాడరాదు' అని తెలుగులో పెద్ద బోర్డు. హమాలీలు లోడు దించేటప్పుడు 'హైలెస్సా' అంటారు కదా, అది కూడా వద్దన్నారు. వాళ్ళు వారం రోజులు మూగగా మూటలు మోసి, ఒకడి కాలి మీద ఒకడు పడేసుకున్నారు.

మండలం తెరిచాక నా చెవిన ఒక్క భాషా పడలేదు. కళాసీలు గేటు దాటి, మా బల్లల వైపు ఒకసారి చూసి, ఆటోలు ఎక్కి ఎండుచేపల యార్డు వెనక్కి పోయేవారు. పదకొండు రోజులు నేను ఫౌంటెను చప్పుడు విన్నాను. అది ఏ దేశానిదో రాయడానికి వీల్లేదు. నలుగురు కళాసీలను మున్సిపల్ వ్యానులో తెచ్చి కూర్చోబెట్టాం. మాట్లాడమని అడగకూడదు కాబట్టి వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడ్డాం. పోలీసు కేసు ఏమోనని భయపడి వాళ్ళు గంటసేపు నోరు మెదపలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు తన మస్కట్ అరబ్బీ తానే మాట్లాడతానని ముందుకొచ్చాడు. ఆయనకు ఆయన మాట అర్థమవుతుంది కాబట్టి చెల్లదన్నారు.

ఇంతలో తనిఖీ సంఘం వచ్చేసింది. సంఘానికి అధ్యక్షులు హజారికా గారు, పొట్టిగా, కళ్ళకింద నలుపుతో, వారంలో ఆరు ఊళ్ళు తిరిగి అలిసిపోయిన మనిషి. ఆయనది అస్సాం అని నాకు తర్వాత తెలిసింది. మండలంలో బల్ల మీద కూర్చోబెట్టి, కమిషనర్ గారు గంటన్నర ప్రసంగించారు. మిగతా అధికారులు ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. మధ్యాహ్నం రెండు దాటింది. భోజనాలు గెస్టుహౌసులో ఆరిపోతున్నాయి. నా రిజిస్టరులో రెండే భాషలున్నాయి.

అప్పుడు హజారికా గారి ఫోను మోగింది. ఆయన కొంచెం పక్కకు వెళ్ళి, చేయి అడ్డం పెట్టుకుని, ఏదో మాట్లాడసాగారు. ఆ మాట మాలో ఒక్కరికీ తెలియదు. కమిషనర్ గారి ముఖం తామరపువ్వులా విచ్చుకుంది. నాకు కనుసైగ చేశారు. కొలిచాను, సరిగ్గా తొమ్మిదడుగులు. రాశాను. ప్రజాసాక్షిగా కంచె కాపలాదారు 'అర్థం కాలేదు' అని సంతకం పెట్టాడు. భాష పేరు గడిలో ఏ జెండా రాయాలో తెలియక 'విదేశీ' అని ఊరుకున్నాను.

ఫోను పెట్టేసి వచ్చిన హజారికా గారికి కమిషనర్ గారు రిజిస్టరు అందించారు. "సర్! తాజా నమోదు. తమరి సమక్షంలోనే, సహజముగా, ప్రయత్నరహితముగా!"

హజారికా గారు తేదీ చూశారు, సమయం చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నా మాట. మా అమ్మతో మాట్లాడాను," అన్నారు, ఇంగ్లీషులో. శానిటరీ ఇన్‌స్పెక్టరు తెలుగు చేశాడు. "మా అమ్మ భాష మీకు విదేశీయా? కొట్టేయండి."

కమిషనర్ గారు చెమటలు తుడుచుకుంటూ నిబంధనల పుస్తకం తిరగేశారు. నమోదైన భాషను కొట్టేయాలంటే ఒకటే మార్గం. విన్నవారిలో ఒకరికి అర్థమై ఉండాలి. ఆఫీసు ఆఫీసంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా నోరు నేను ఆపుకోలేకపోయాను.

"ఒక మనిషి ఉంది సార్."

కమిషనర్ గారు నన్ను చూసిన చూపుకు ఎండుచేప కూడా ఇంకొంచెం ఎండేది. అయినా అధ్యక్షుల వారు అప్పటికే జీపు ఎక్కేశారు.

యార్డు వెనక నూకరత్నం బండి చుట్టూ పాతికమంది కళాసీలున్నారు. అందరి చెవుల దగ్గరా ఫోన్లే. పెనం అంచున మూతల కింద అట్లు వరసగా ఉన్నాయి. సంగతి ఆమెకు నేను చెప్పాను. హజారికా గారు మొహమాటంగా నిలబడి, వాళ్ళమ్మకు మళ్ళీ ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టారు. ముసలి గొంతు ఒకటి గబగబా మాట్లాడింది. ఆయన రెండు మాటల్లో జవాబు చెప్పారు. గొంతు మళ్ళీ ఏదో అడిగింది. ఆయన ఊ కొట్టారు.

నూకరత్నం అట్లకాడ చేతిలోనే పట్టుకుని తల వంచి విన్నది.

"తిన్నావేటి అనడిగింది. తినీసినాననీసినాడు," అంది నాతో. తర్వాత ఆయన వైపు తిరిగి, "అదేటి బాబూ, అమ్మతోటి అబద్దమాడతావు? పొద్దున్నుండి నీ కడుపులో ఏటీ పడనేదు, నీ మొకమే సెప్తాంది," అంది.

ఇన్‌స్పెక్టరు దాన్ని మార్చి చెప్పాడు. హజారికా గారు ఫోనులోకి వంగి ఇంకేదో చెప్పారు, ఈసారి నెమ్మదిగా. అవతల గొంతు గదమాయించింది. ఆయన నవ్వి, బల్ల మీద కళాసీల మధ్య జరిగి కూర్చున్నారు. ఫోను పెట్టేశాకే ఆమె ప్లేటు చేతికిచ్చింది. ఆయన నాలుగు మినపట్లు తిన్నారు. తింటూ తింటూ రిజిస్టరు అడిగి తీసుకుని, తన నమోదు కొట్టేసి, మిగిలిన రెండు నమోదులూ ఎవరివో వాళ్ళను ఆ గుంపులోనే వెతికి పట్టించి, ఇళ్ళకు ఫోను చేసుకోనిచ్చి, నూకరత్నానికి వినిపించారు. ఒకడికి చెల్లెలి పెళ్ళి కుదిరింది. ఇంకొకడి నాన్నకు దగ్గు తగ్గలేదు. రెండూ కొట్టేశారు.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. 'ఈ పట్టణమున విదేశీ భాషలు లేవు' అని ఒకే ఒక్క వాక్యం. రాష్ట్రం మొత్తానికి సున్నా వచ్చిన ఊరు మాదొక్కటే. మూడు వీధులూ ఒక సంతా ఉన్న ఊళ్ళు కూడా పదకొండేసి భాషలు విన్నాయి. చెవి కోసం తవ్విన గోతిలో వాన నీరు నిలిచి, ఊళ్ళో గేదెలకు సుఖంగా ఉంది. శ్రవణ మండలం రద్దయింది. కంచె తీయగానే హమాలీలే వెళ్ళి నూకరత్నం బండిని తోసుకొచ్చి పాత చోట నిలబెట్టారు. 'హైలెస్సా' అని అరుచుకుంటూ మరీ తెచ్చారు. ఆ కేక విని నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు.

నాకు మాత్రం మెమో వచ్చింది. అది పట్టుకుని తిన్నగా బండి దగ్గరికే వెళ్ళాను.

"ఏటి బాబూ ఆ కాయితం?"

"నా మీద కంప్లైంటు అప్పా. చదువుతాను, విను." గొంతు సవరించుకుని చదివాను. "తమరు నిర్దేశిత శ్రవణ నిబంధనలను ఉల్లంఘించి, అనధికార అవగాహనకు దోహదపడి, తద్వారా పట్టణమునకు సంక్రమింపవలసిన హోదాకు విఘాతము కలుగజేసియున్నందున, తమపై శాఖాపరమైన చర్య ఏల గైకొనరాదో ఏడు దినములలోపు సంజాయిషీ సమర్పింపవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

ఆమె పెనం మీద నీళ్ళు చల్లడం ఆపింది. "మల్లీ సదువు," అంది.

మళ్ళీ చదివాను. కళ్ళు మూసుకుని వింది. చివరికి తల అడ్డంగా ఊపింది.

"ఇదేటో నాకు తెల్లేదు బాబూ. తిన్నారేటి, పడుకున్నారేటి, ఒంట్లో బాగున్నాదేటి... ఎక్కడో ఒక్క మాటైనా ఉండాల కదా? ఏ దేసపోల్లది ఇది?"

రిజిస్టరు ఇంకా నా సంచీలోనే ఉంది, వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు. తీశాను. దూరం కొలవనక్కర్లేదు, అలవాటు మీద ఎనిమిదడుగుల్లోనే నిలబడి ఉన్నాను. కొత్త పేజీలో వరస సంఖ్య ఒకటి వేశాను. భాష పేరు గడిలో 'గవ్వలపేట పురపాలక సంఘం' అని రాశాను. శ్రవణాధికారిగా నేను 'అర్థం కాలేదు' అని సంతకం పెట్టాను. అబద్ధం కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ భాషలోనే రాస్తున్నాను గానీ, ఏనాడూ అర్థం కాలేదు.

నూకరత్నం చెంగుకు చేయి తుడుచుకుని, పెన్ను తీసుకుని, పద్నాలుగేళ్ళకు మొదటిసారి ఆఫీసు కాగితం మీద సంతోషంగా సంతకం పెట్టింది. రిజిస్టరు మూసి నా చేతికిస్తూ, "తిన్నావేటి బాబూ?" అనడిగింది.

"లేదప్పా," అన్నాను. ఆమెతో అబద్ధమాడి లాభం లేదు.